సెంటు సీసా మూతలో మూడు కొండలు

ఆయనకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుండేది కానీ, దాన్ని బ్యాంకువాళ్ళు తప్ప ఇంకెవరూ వాడేవారు కాదు. ఊళ్ళో అందరికీ ఆయన 'నవ్వొద్దు గారే'. బస్టాండుకి ఎదురుగా, మందుల షాపుకీ చెప్పుల షాపుకీ మధ్య ఇరుక్కున్న ఫోటో స్టూడియో ఆయనది. పాస్‌పోర్టుకీ, లైసెన్సుకీ, పరీక్షకీ, ఉద్యోగానికీ ఎవరు ఫోటో దిగడానికొచ్చినా స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం కింద వేలు పెట్టి మొహం సరిచేసి, "నవ్వొద్దు" అనేవాడు. అలా ఊరు ఊరంతా ఏదో నేరం ఒప్పుకోబోతున్నట్టు ఆయన కెమెరా ముందు కూర్చుని వెళ్ళింది. కొత్తగా పెళ్ళయిన జంటలు కూడా ఆయన ఫోటోల్లో విడాకులకి వచ్చినవాళ్ళలా కనిపించేవారు.

కుర్రతనంలో ఆయన పెద్ద ఆశలే పెట్టుకున్నాడు. కొండలూ, పొగమంచూ, వానకి తడిసిన రోడ్లూ తీసి నలుగురిలో పేరు తెచ్చుకోవాలనుకున్నాడు. తీరా చూస్తే జీవితమంతా తెల్ల గుడ్డ ముందు చెవులు రెండూ కనిపించేలా మొహాలు తియ్యడంతోనే సరిపోయింది. ఈ సంగతి ఆయన ఎవరితోనూ అనేవాడు కాదు. అన్నా వినేవాళ్ళు లేరు. భార్య బడిలో లెక్కల టీచరు. ఇంటికొచ్చేసరికి ఆవిడ చెవులు మూతపడి ఉండేవి. వాళ్ళతోనే ఉండే అత్తగారు వినేది గానీ, విన్న ప్రతిదాన్నీ సాయంత్రం పక్కింటికి చేరవేసేది.

అలాంటి మనిషికి ఒక మధ్యాహ్నం, ఒక దగ్గు పుణ్యమా అని జాతకం మారింది.

పోస్టాఫీసు గుమాస్తా ఒకాయన ఫోటో దిగడానికి వచ్చి, సరిగ్గా బటన్ నొక్కే సమయానికి దగ్గడం మొదలుపెట్టాడు. నవ్వొద్దు గారు గాజు గ్లాసుతో మంచినీళ్ళిచ్చాడు. ఆయన సగం తాగి, మిగతా సగం కిటికీ గట్టు మీద పెట్టాడు. దాన్ని తీద్దామని వంగిన నవ్వొద్దు గారు వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. గ్లాసులో బస్టాండు మొత్తం ఉంది. గడియారం, అరటిపళ్ళ బండి, గొడుగులు, జనం, అన్నీ వేలెడంత చోటులో ముద్దుగా సర్దుకుని ఉన్నాయి. బయట ఎడమకి పోతున్న బస్సు గ్లాసులో కుడికి పోతోంది. ఇన్నేళ్ళుగా ఎదురుగా ఉండి కూడా కంటికి ఆనని బస్టాండు, నీళ్ళలోంచి చూస్తే ఎవరో శ్రద్ధగా కట్టి దాచుకున్న బొమ్మల కొలువులా ఉంది.

ఆయన కెమెరా తెచ్చి గ్లాసు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గుమాస్తా గడ్డం ఎత్తి పట్టుకుని చాలాసేపు ఓపిక పట్టాడు.

"ఏవండీ, ఇప్పుడు నేను నవ్వొచ్చా?" అన్నాడు చివరికి.

"మీ ఇష్టం" అన్నాడు నవ్వొద్దు గారు, గ్లాసు మీంచి కన్ను తియ్యకుండా. ఆ నోటివెంట ఆ మాట రావడం ఊరి చరిత్రలో అదే మొదటిసారి.

ఆ రోజు నుంచీ ఆయనకి గాజు పిచ్చి పట్టింది. కనిపించిన గాజు వస్తువునల్లా కంటి దగ్గర పెట్టుకుని లోకాన్ని చూడడం మొదలుపెట్టాడు. బోలెడన్ని ఫోటోలు పాడుచేసుకుని కిటుకులు నేర్చుకున్నాడు. ఫోకస్ పెట్టాల్సింది గాజు మీద కాదు, గాజు లోపలున్న బొమ్మ మీద. నీళ్ళు నింపిన గ్లాసు కుడిని ఎడమ చేస్తుంది. గాజు గోళీ అయితే ఏకంగా తలకిందులు చేస్తుంది. ఫోటోని తిప్పి అచ్చేస్తే గోళీలో చెట్టు నిటారుగా నిలబడుతుంది, చుట్టూ ఉన్న లోకం మాత్రం పైకీ కిందికీ తేడా తెలియకుండా మసకబారిపోతుంది. సీసా అడుగు ఏ గోడనైనా అలలుగా చేస్తుంది. అంచులు చెక్కిన గాజు కెమెరాకి అడ్డంగా పెడితే ఒకటి మూడవుతుంది, అంచులకి ఇంద్రధనుస్సు కొసరు.

ఇంట్లో మాత్రం గాజన్నది కనపడకుండా పోయింది. ఎవరైనా వస్తే స్టీలు గ్లాసులే గతి. కాఫీపొడి డబ్బాలోకి మారింది, ఎందుకంటే దాని సీసా ఏ గట్టు మీదో బోర్లా పడి ఉండేది. గిన్నె మీది గాజు మూత పోయి, దాని స్థానంలో పళ్ళెం వచ్చింది.

"ఏమండీ, నీళ్ళు తాగడానికి ఒక్క గ్లాసయినా మిగల్చండి" అనేది భార్య.

"నీళ్ళు దేంట్లో తాగినా ఒకటేనే. బస్టాండు దేంట్లో పడితే దాంట్లో కనపడదు కదా."

"బస్టాండు చూడాలంటే కిటికీ తీస్తే చాలదూ?"

ఆయన అప్పటికే ఇంకో సీసా తుడుస్తూ ఉండేవాడు. అత్తగారిది వేరే పద్ధతి. ఆవిడ గొడవపడేది కాదు, మర్యాదగా అడిగేది. "అల్లుడు గారూ, నా కళ్ళజోడు ఇవాళ ఏ ఊరు చూడ్డానికి వెళ్ళింది?" అని. కళ్ళజోడు సాధారణంగా మేడ మీద పిట్టగోడకి ఆనించి, రెండు అద్దాల్లోనూ రెండు సూర్యాస్తమయాలు నింపుకుని ఉండేది.

ఇలా ఊరంతా చుట్టబెట్టాక ఆయన చూపు చెరువు మీద పడింది.

ఊరి చివర పెద్ద చెరువు, దాని వెనక కొండ. పెద్దవాళ్ళు చెప్పడమే గానీ చెరువులో నీళ్ళు చూసి చాలా కాలమైంది. గుర్రపుడెక్క ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా తివాచీలా పరుచుకుంది. కొండ సంగతి అంతకన్నా అన్యాయం. కంకర మిల్లువాళ్ళు ఒక పక్క నుంచి కొరుక్కుంటూ వచ్చి, సగానికి తెచ్చి, ఇంకా ఆకలి తీరక తింటూనే ఉన్నారు. రేవులో ఒక పడవ ఉండేది. జనాన్ని అవతలి గట్టుకి దాటించే పడవావిడ అందులో కూర్చుని, కదలని పడవకి కాపలా కాసేది. కలుపు తియ్యమని ఆవిడ పురపాలక ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరుగుతూనే ఉంది.

నవ్వొద్దు గారు ఒక పొద్దున భార్య బల్ల మీది సెంటు సీసా మూత జేబులో వేసుకుని గట్టు మీదికి వెళ్ళాడు. వజ్రంలా పలకలు చెక్కిన గాజు మూత అది. కెమెరాకి ఆనించి పట్టుకుని, అటూ ఇటూ తిప్పగా తిప్పగా ఒకచోట ఆయనకి ఒళ్ళు జలదరించింది. పై పలకలు సగం కొండని మూడు చేసి పక్కపక్కనే నిలబెట్టాయి. కొరికేసిన పక్క ఇంకో కొండ వెనక్కి వెళ్ళి దాక్కుంది. కింది పలక ఆకాశాన్ని వంచి తీసుకొచ్చి చెరువు మీద పరిచింది. గుర్రపుడెక్క లేదు. నీలంగా, నిండుగా, చూస్తే దిగి ఈత కొట్టాలనిపించే చెరువు. ఆ నీలం కింద పడవ, పడవలో మనిషి ఎక్కడో కలిసిపోయారు. ఆ సంగతి ఆయన గమనించలేదు. గమనించినా ఆ క్షణంలో పట్టించుకునేవాడు కాదు.

ఆ ఫోటోని పెద్దది చేసి ముందుగదిలో తగిలించాడు. రెండు రోజులకి బావమరిది వచ్చాడు. ఇతను పురపాలక చైర్మన్ దగ్గర సహాయకుడు. చైర్మన్ ఏం చెప్పబోతున్నాడో ముందే కనిపెట్టి తల ఊపడం అతని ఉద్యోగం.

"బావా, ఇది ఏ దేశం?" అన్నాడు గోడకేసి చూసి.

"మన చెరువురా."

"మనదా? మనకి చెరువుందా?"

సెంటు మూత కథంతా నవ్వొద్దు గారు పూసగుచ్చినట్టు చెప్పాడు. బావమరిది అందులో 'చెరువు' అన్నంతవరకే విని, ఫోటోని చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నెల తిరక్కుండానే ఊరి గోడలన్నిటి మీదా ఆ ఫోటో వెలిసింది. 'మూడు కొండల ముచ్చటైన ఊరు, రండి, చూసి తరించండి' అని కింద అక్షరాలు. మూలన చైర్మన్ మొహం. దాన్ని మాత్రం గాజులోంచి తీసినట్టు లేదు, ఉన్నదున్నట్టే గుండ్రంగా ఉంది. నవ్వొద్దు గారిని ఆఫీసుకి పిలిచి ఒక జ్ఞాపిక ఇచ్చారు. ఆయన ఇంటికి నడిచొచ్చాడంటారు గానీ, చూసినవాళ్ళు కాళ్ళు నేలకి ఆనలేదని చెప్పారు. స్టూడియోకి కొత్త బోర్డు రాయించుకున్నాడు. ఫోటో దిగడానికొచ్చిన వాళ్ళని వక్రీభవనం గురించి వినిపించకుండా వదిలేవాడు కాదు. మందుల షాపాయన అయితే ఆయన్ని చూడగానే షాపు లోపలికి వెళ్ళి ఏదో వెతుక్కునేవాడు.

పోస్టరు వల్ల అందరికన్నా ఎక్కువ సంబరపడింది కంకర మిల్లు యజమాని. "మేం కొండని తినేస్తున్నాం అని ఏడిచారు కదా," అన్నాడట ఆయన ఒక సమావేశంలో, "మేం తవ్వడం మొదలుపెట్టినప్పుడు ఊరికి ఒక్కటే కొండ. ఇప్పుడు చూడండి, మూడు." అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఇంకో యంత్రం పెట్టుకోవడానికి ఆయనకి అనుమతి దొరికింది.

ఈ సంగతి బావమరిది జోకులా చెబితే నవ్వొద్దు గారు కూడా నవ్వాడు. ఆ రాత్రి మాత్రం ఎందుకో రెండుసార్లు మేడ ఎక్కి కొండ ఉన్న వైపు చూశాడు.

మర్నాడు పడవావిడ స్టూడియోకి వచ్చింది. ఏదో కార్డుకి ఫోటో కావాలట. స్టూలు మీద కూర్చుని, ఆయన నోరు తెరవకముందే మొహం బిగించుకుంది.

"ఆ గోడల మీది బొమ్మ మీరే తీశారంట కదండీ?"

"నేనేనమ్మా" అన్నాడు ఆయన, వినయంగా కనిపించాలని ప్రయత్నిస్తూ.

"బాగుంది. నిన్న ఆఫీసుకెళ్ళి గుర్రపుడెక్క తీయించండి బాబూ అని అడిగాను. అక్కడి బాబు నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆ బొమ్మ చూపించాడు. 'ఇందులో గుర్రపుడెక్క ఎక్కడుందో వేలెట్టి చూపించు, రేపే తీయిస్తాం' అన్నాడు. ఎంత వెతికినా దొరకలేదండీ."

నవ్వొద్దు గారు తుడవక్కర్లేని లెన్సుని తుడిచాడు.

"పోనీ నా పడవైనా కనిపిస్తుందేమోనని చూశాను" అంది ఆవిడ. "ఆ పొద్దున నేను అందులోనే ఉన్నాను. మీకు చెయ్యి కూడా ఊపాను."

ఆవిడ గొంతులో కోపం లేదు. అదే ఆయన్ని ఎక్కువ ఇబ్బంది పెట్టింది. ఫోటో తీసి, డబ్బు వద్దని ఆవిడని పంపించాడు. బావమరిదికి ఫోన్ చేసి పోస్టరు తీయించెయ్యమని అడగాలనుకున్నాడు. ఫోన్ అందుకునేలోపే బావమరిదే ఫోన్ చేశాడు. చైర్మన్ గారు ఆయన్ని 'దృశ్య సలహాదారు' పదవికి అనుకుంటున్నారట. "ఆలోచించుకుని చెప్తాను" అందామనుకున్న నోటితోనే "ఎప్పుడు రమ్మంటారు?" అనేశాడు.

సలహా ఎందుకు కావలసొచ్చిందంటే, పోస్టరు చూసి జనం నిజంగానే రావడం మొదలుపెట్టారు. దూరం నుంచి పిల్లాపాపలతో వచ్చి, గట్టు మీద నిలబడి, గుర్రపుడెక్కని చూసి, సగం కొండని చూసి, మిగతా రెండున్నర కొండలు ఎటువైపని అడిగేవారు. కొందరు పోస్టరు చించి పట్టుకుని ఆఫీసుకే వచ్చారు.

చైర్మన్ గదిలో సమావేశం జరిగింది. కలుపు తీయిద్దామని ఎవరూ అనలేదు. నవ్వొద్దు గారు అందామని నోరు తెరిచాడు గానీ, అప్పటికే ఆయన ముందు పెట్టిన పలక మీద 'దృశ్య సలహాదారు' అని బంగారు రంగులో ఉంది. ఆయన నోరు మూసుకుంది.

"ఫోటోలో గాజులోంచి చూస్తేనే కదా బాగుంది?" అన్నాడు చైర్మన్. "అయితే జనాన్ని కూడా గాజులోంచే చూడమందాం."

బావమరిది ఈ మాట పూర్తికాకముందే తల ఊపాడు. గట్టు మీద వేదిక కట్టి, సెంటు మూతలాంటిదే పేద్ద గాజు చెక్కించి పెట్టాలని నిర్ణయించారు. పని బావమరిది స్నేహితుడికి దక్కింది. అతనికి పలకలు చెక్కిన గాజు దొరకలేదు. గుమ్మడికాయంత గాజు గోళం ఒకటి ఎక్కడో సిద్ధంగా ఉంటే తెచ్చి నిలబెట్టాడు.

ముందురోజు చైర్మన్ చూడడానికి వచ్చాడు. గోళం మీదికి వంగి, నిటారుగా లేచి, మళ్ళీ వంగాడు.

"ఏంటయ్యా, కొండ తలకిందులుగా వేలాడుతోంది?"

"గోళంలో అంతేనండీ. ఫోటో అయితే తిప్పి అచ్చేస్తాం" అన్నాడు నవ్వొద్దు గారు.

"మరి జనాన్ని ఎలా తిప్పుతావు?"

సలహాదారుకి సలహా తోచలేదు. బావమరిదికి తోచింది. చూసేవాళ్ళు గోళానికి వీపు పెట్టి, బాగా వంగి, కాళ్ళ సందులోంచి చూస్తే కొండ నిటారుగా కనిపిస్తుందన్నాడు. వెంటనే వంగి చూపించాడు కూడా. పెద్దవయసువాళ్ళు పడిపోకుండా పట్టుకోవడానికి ఇనుప కమ్మీ ఒకటి బిగించారు.

ప్రారంభోత్సవానికి ఊరు ఊరంతా కదిలొచ్చింది. ఎండ బాగా కాస్తోంది. నవ్వొద్దు గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, పొద్దున్నే వచ్చి గోళాన్ని తళతళలాడేలా తుడిచి, కెమెరా మెళ్ళో వేసుకుని నిలబడ్డాడు. భార్య, అత్తగారు ముందు వరసలో కూర్చున్నారు. చైర్మన్ గోళం మీది ఎర్ర మఖమల్ గుడ్డని లాగి, ఎక్కడ పెట్టాలో తెలియక దాన్ని ఉండచుట్టి గోళం వెనకే పెట్టాడు. తర్వాత మైకు పుచ్చుకున్నాడు. మైకు పుచ్చుకున్నాక ఆయన లోకాన్ని మర్చిపోతాడు.

"ఈ ఊరికి వెలుగు తెచ్చింది ఎవరు?" అని ఆయన అడుగుతుండగా మఖమల్ గుడ్డలోంచి సన్నగా పొగ లేచింది.

సూర్యుడు గోళంలోంచి దూరి, అంతా ఒక్కచోటికి చేరి, ఆ గుడ్డ మీద కూర్చున్నాడు. జనం అది కూడా కార్యక్రమంలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు. చైర్మన్ చప్పట్లు తనకే అనుకుని గొంతు పెంచాడు. పొగ మంటయింది. మంట వెనక కట్టిన పోస్టరు బ్యానరుని అందుకుని, మొదట 'తరించండి'ని, తర్వాత చైర్మన్ గడ్డాన్ని తినడం మొదలుపెట్టింది.

అప్పుడు అందరికన్నా ముందు కదిలింది పడవావిడే. నీళ్ళకోసం బకెట్టు పట్టుకుని చెరువులోకి దిగింది. బకెట్టు ముంచితే నీళ్ళు రాలేదు, గుర్రపుడెక్క వచ్చింది. ఆవిడ చూసుకోకుండా అదే పట్టుకొచ్చి విసిరింది. తడి కలుపు సగం మంట మీద పడి మంట ఆరిపోయింది. మిగతా సగం చైర్మన్ నెత్తిన పడి, చెవుల మీంచి దాని వేళ్ళు వేలాడుతూ నిలిచింది.

నవ్వొద్దు గారు ఆ క్షణంలో ఏమీ ఆలోచించలేదు. కెమెరా ఎత్తి నొక్కాడు. మధ్యలో ఏ గాజూ లేదు. సగం కాలిన బ్యానరు, ఆకుల కిరీటంతో చైర్మన్, పక్కనే ఎలా చూడాలో చూపించబోయి వంగిన బావమరిది, వెనక ఎడతెగని గుర్రపుడెక్క, దాని వెనక కొరికేసిన కొండ, అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి.

సాయంత్రానికల్లా పత్రికవాళ్ళు ఆ ఫోటో కోసం ఇంటికొచ్చారు. వాళ్ళకన్నా ముందే బావమరిది వచ్చి కూర్చున్నాడు.

"బావా, ఆ ఫోటో మళ్ళీ సెంటు మూతలోంచి తీసినట్టు ఏమైనా చెయ్యగలవా?"

"ఒక చైర్మన్‌కి ముగ్గురు చైర్మన్లవుతారురా."

"అది కూడా బాగానే ఉంటుందేమో" అన్నాడు బావమరిది, నిజంగానే ఆలోచించి.

అత్తగారు మాత్రం, "ఆ పడవమ్మాయికి మంట తగిలి కాలు బొబ్బలెక్కింది, పాపం" అంది, ఎవరితోనూ కాకుండా.

నవ్వొద్దు గారు లేచివెళ్ళి ఫోటోని ఉన్నదున్నట్టే పత్రికవాళ్ళ చేతిలో పెట్టాడు. అందులో ధైర్యమెంత, పడవావిడ మీద జాలి ఎంత, పత్రికలో తన ఫోటో మొదటిసారి వస్తోందన్న సరదా ఎంత అని విడదీసి చెప్పడం ఆయనకే చేతకాలేదు. పలక మీంచి 'దృశ్య సలహాదారు' అన్న అక్షరాలు మర్నాడే పోయాయి.

ఫోటో చూసి చైర్మన్‌కి కొండ గురించి బాధ కలగలేదు, చెరువు గురించీ కలగలేదు. నెత్తి మీది ఆకుల గురించి మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ వారంలోనే యంత్రం వచ్చి, వేదిక ముందున్న మేర కలుపంతా లాగేసింది. ఆ మేరలో రేవు కూడా పడింది కాబట్టి పడవ కదిలింది. కంకర మిల్లు తన పని తాను చేసుకుపోతోంది. గోళం గురించి విచారణకి వేసిన సంఘం, అది ఎండలో ప్రమాదకరం కనుక పగలంతా గోనెపట్టాతో కప్పి ఉంచాలనీ, చీకటిపడ్డాక ప్రజలు నిరభ్యంతరంగా చూడవచ్చుననీ తేల్చింది.

పడవ కదిలాక నవ్వొద్దు గారు ఒకసారి అవతలి గట్టుకి వెళ్ళాడు. దారిలో నీళ్ళ గ్లాసులోంచి పడవావిడని తీసి చూపించాడు. ఆవిడ ఫోటోకేసి పరీక్షగా చూసింది.

"అటు పోతుంటే ఇటు పోతున్నట్టుందేంటండీ?"

"గ్లాసులో అంతేనమ్మా. కుడి ఎడమవుతుంది."

"అయితే ఆ ముక్క కింద రాసిపెట్టండి. లేకపోతే చూసినవాళ్ళు రేవు తప్పిపోతారు."

ఆయనకి ఆ మాట నచ్చింది. అప్పట్నుంచీ ప్రతి ఫోటో కిందా అది దేంట్లోంచి చూసిందో రాయడం అలవాటు చేసుకున్నాడు. 'కాఫీపొడి సీసా అడుగులోంచి కూరగాయల మార్కెట్టు.' 'మా అత్తగారి కళ్ళజోడులోంచి రైలు గేటు, కుడి అద్దంలో కొంచెం గీత ఉంది.' స్టూడియో గోడలన్నీ వాటితో నింపాడు. ఫోటో దిగడానికొచ్చినవాళ్ళు తమ వంతు వచ్చేదాకా అవి చదువుకుని, ఇంటికెళ్ళి గ్లాసులు కళ్ళ దగ్గర పెట్టుకుంటున్నారని అక్కడక్కడా ఫిర్యాదులు కూడా వచ్చాయి.

తర్వాతి ఏడు పోస్టరుకి ఫోటో కావాలని బావమరిది మళ్ళీ వచ్చాడు. కింద రాసింది చెరిపేస్తే చాలన్నాడు. చెరపనన్నాడు ఈయన. బావమరిది మొహం గంటు పెట్టుకుని వెళ్ళి, ఫోను పట్టుకు తిరిగే ఇంకో ఫోటోగ్రాఫరుని చూసుకున్నాడు. కొన్నాళ్ళు అక్కాతమ్ముళ్ళ మధ్య మాటల్లేవు. "వాడు తల ఊపడానికి ఇంకో ఇల్లు వెతుక్కున్నాడు, అంతే" అంది భార్య. అయినా ఆవిడకి బాధగానే ఉండేది.

ఆదివారాలు ఇప్పుడు ఆవిడ కూడా గట్టుకి వస్తోంది. మూత తిరిగివచ్చినా సెంటు ఎప్పుడో ఆవిరైపోయింది గనుక, దాన్ని తనే కెమెరా ముందు పట్టుకుని నిలబడుతుంది. ఆయన కొంచెం ఎడమకంటాడు, కొంచెం పైకంటాడు, మళ్ళీ మొదటికే వస్తాడు.

"చెయ్యి లాగేస్తోంది. తొందరగా కానివ్వండి" అంటుంది ఆవిడ.

"ఒక్క నిమిషం" అంటాడు ఆయన. ఆ నిమిషం ఎంతకీ పూర్తికాదు. ఆవిడ చెయ్యి మార్చుకుని పట్టుకుంటుంది.